క్యాంపు చరిత్ర రాయాలంటే ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తాతయ్య వాళ్ళు 1950లలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కర్ణాటకలో గంగావతి సింధనూరు మధ్య తుంగభద్ర ఎడమ కాలువ కింద పొలాలు కొని క్యాంపు (వలస వచ్చిన రైతులు కట్టుకున్న కొత్త ఊరు) కట్టుకున్నారు. ఆ మొదటి తరంలో ఇప్పుడు నలుగురైదుగురే మిగిలారు. వాళ్ళ జ్ఞాపకాలూ, ఊళ్ళోని పాత గుర్తులూ (తూము, మర్రిచెట్టు, రామాలయం, మొదటి రైస్ మిల్లు) ఒకచోట రాసి పెట్టాలని మీ కోరిక. ఒకసారి అడిగి చూస్తే "ఏముందిరా, వచ్చాం, కష్టపడ్డాం, అంతే" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఎలా మొదలుపెట్టాలి, చెప్పిన మాటల్లో ఎంత నిజమో ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "మీ కథ చెప్పండి" అనకండి. ఒక చోటు పట్టుకుని అడగండి. తూము దగ్గరికి తీసుకెళ్ళండి, నడవలేకపోతే ఆ తూము ఫోటో చేతిలో పెట్టండి. కథ దానంతటదే వస్తుంది. రెండోది, ఇది చాలామంది వదిలేస్తారు: మీ క్యాంపు వాళ్ళతో ఆపకండి, మీ పొలాలు ఒకప్పుడు ఎవరివో ఆ పక్క కన్నడ ఊరి పెద్దవాళ్ళని కూడా అడగండి. వాళ్ళ మాట లేకపోతే మీరు రాసేది సగం చరిత్రే అవుతుంది.

నేను నిజామాబాద్ జిల్లాలో, బోధన్ వైపు ఒక క్యాంపులో పుట్టి పెరిగిన దాన్ని. మా తాతయ్య వాళ్ళు గుంటూరు జిల్లా నుంచి వచ్చారు, మీ వాళ్ళకంటే ఒక తరం ముందు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్ళు వర్ని, కోటగిరి, రుద్రూరు, బోధన్ వైపు పారాక ఇక్కడి నల్లరేగడిలో వరి, చెరకు పండించడానికి కోస్తా రైతులు వచ్చారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి. టీచరుగా చేసినన్నాళ్ళూ సెలవుల్లో ఈ క్యాంపుల్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేస్తూ వచ్చాను, రిటైరయ్యాక మీ గంగావతి వైపు కూడా వెళ్ళాను, మా చుట్టాలు అక్కడ ఉన్నారు. అందుకని ఈ రెండు చోట్లా చూసిందే రాస్తున్నాను.

మొదటి ప్రశ్న ఏంటి?

"అప్పట్లో కష్టాలు ఎలా ఉండేవి" అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. పాములు, తేళ్ళు, మలేరియా, అంతా అడవి, మేం వచ్చి బాగు చేశాం. అబద్ధం కాదు గానీ ఎన్నో పెళ్ళిళ్ళలో, ఎన్నో తద్దినాల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి. దాని వెనక్కి వెళ్ళాలంటే చిన్న ప్రశ్న కావాలి. దిగిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? ఆ రోజు వంటకి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారు? పొయ్యిలోకి ఏం పెట్టారు? వెంట తెచ్చుకున్న సామానులో ఏది ముందు విరిగిపోయింది? పశువుల్ని రైల్లో తెచ్చారా, తోలుకొచ్చారా, ఇక్కడ కొన్నారా? మొదటి పురుడు ఎవరింట్లో, మంత్రసాని ఎవరు? మొదటి చావు ఎవరిది, ఎక్కడ దహనం చేశారు? (శ్మశానం ఎక్కడ పెట్టుకున్నారన్నది ఏ క్యాంపుకైనా చాలా ముఖ్యమైన విషయం, ఎందుకంటే ఆ స్థలం కోసం పక్క ఊరితో మాట్లాడుకోవాల్సి వచ్చింది, ఆ మాటల్లోనే రెండు ఊళ్ళ సంబంధం ఎలా మొదలైందో బయటపడుతుంది.)

ఒక ఉదాహరణ చెబుతాను. కారటగి దగ్గర ఒక క్యాంపులో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కొడుకు ముందే చెప్పేశాడు, "అమ్మకి ఏం గుర్తులేదండీ, మీకు టైం వేస్టు" అని. కాసేపు కూర్చుని, పాత క్యాంపులో ఇళ్ళు ఏ వరసలో ఉండేవమ్మా అని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చుకుని వరండా గచ్చు మీద కూర్చున్నారు. ముందు కాలువ, ఒక పొడుగాటి గీత. దాని నుంచి పిల్ల కాలువ. తర్వాత చిటికెడు చిటికెడు పిండి పెట్టుకుంటూ ఒక్కో పాక, ఒక్కో పాకకీ ఒక ఇంటిపేరు, ఎవరి ఊరు ఏది, ఎవరిది జొన్న చొప్ప గోడ, ఎవరిది తాటాకు, ఎవరింటి ముందు పశువుల కొట్టం. రెండో వరసలో ఒక చోట ఆగిపోయి, ఆ చుక్క చెరిపేసి జరిపి పెట్టారు. "వీళ్ళది ఇక్కడ కాదు, వీళ్ళ పాక కాలిపోయాక ఇటు మారారు" అన్నారు. పాకలు కాలిపోయిన సంగతి ఆ కొడుకు అంతకుముందు ఎన్నడూ వినలేదు. నేను ఆ ముగ్గుని పై నుంచి ఫోటో తీసుకుని, ఇంటికొచ్చాక కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. ఆ క్యాంపు గురించి నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన కాగితం అదే. మీరు కూడా పెద్దవాళ్ళ చేత గీయించండి. చాక్‌పీసు, ముగ్గు, కర్రపుల్లతో మట్టిలో, ఏదైనా ఫరవాలేదు. ఇద్దరి చేత విడివిడిగా గీయిస్తే ఇంకా మంచిది, తేడాలు ఎక్కడొస్తే అక్కడ ఒక కథ ఉంటుంది.

వచ్చేటప్పటికి వాళ్ళ వయసెంతో తెలుసుకుని దాన్ని బట్టి అడగండి. 1955లో పదేళ్ళ పిల్ల ఇప్పుడు ఎనభై దాటిన మనిషి. ఆవిడకి ఎకరం ఎంతకి కొన్నారో తెలియదు, అడిగితే ఎవరో చెప్పింది చెబుతుంది. కానీ బడికి ఏ దారిన వెళ్ళేదో, దారిలో ఏ చెట్టు కింద ఆగేదో, ఎక్కడ వాగు దాటేదో కళ్ళకి కట్టినట్టు చెబుతుంది. డబ్బు, అప్పు, ఎందుకు వచ్చామన్న నిర్ణయం, ఇవి అప్పటికే పెళ్ళయి వచ్చిన వాళ్ళని అడగాలి, వాళ్ళు ఇప్పుడు తొంభై పైబడి ఉంటారు. అంటే ఆ ప్రశ్నలకి మీకు మిగిలింది ఒకరో ఇద్దరో. కాబట్టి వరస అది: ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, కాగితాలూ మ్యాపులూ తర్వాత చూసుకోవచ్చు. చాలామంది ముందు బాగా చదువుకుని, ప్రశ్నల జాబితా తయారుచేసుకుని, మంచి మైకు కొనుక్కుని వెళదామనుకుంటారు. ఈలోపు ఆ ఇంట్లో పెద్దకర్మ భోజనాలు జరిగిపోతాయి. మీ ఫోను చాలు.

ఆడవాళ్ళని వేరేగా అడగండి, వంటింట్లోనో పెరట్లోనో. మగవాళ్ళు పక్కనుంటే "అది కాదే, నీకు తెలీదు" అని మధ్యలో అందుకుంటారు, ఆవిడ నోరు మూసుకుంటుంది. మగవాళ్ళు పొలం, లాకులు, రిజిస్ట్రేషన్ గురించి చెబుతారు. ఆడవాళ్ళు చెప్పేది నీళ్ళు, జ్వరాలు, కన్నడం రాకుండా సంతలో బేరం ఎలా ఆడారు, పక్క ఊరి ఆడవాళ్ళు జొన్నరొట్టె తట్టడం ఎలా నేర్పారు, పుట్టింటికి ఉత్తరం రాసేది ఎవరు. నాకు ఈ రెండో రకమే ఎక్కువ విలువైనదని అనిపిస్తుంది, ఎందుకంటే మొదటిది కొంతైనా కాగితాల మీద దొరుకుతుంది, రెండోది ఎక్కడా దొరకదు.

"అంతా అడవే" అన్న మాట

ఈ ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. మీ వాళ్ళూ మా వాళ్ళూ అందరూ ఇదే అంటారు. తుమ్మచెట్లు, ముళ్ళ కంపలు ఉన్నమాట నిజమే. కానీ గంగావతి, సింధనూరు చుట్టూ ఉన్న ఆ నల్లరేగడి నీళ్ళు రాకముందు కూడా సాగులో ఉన్న నేలే. వానల మీద జొన్న, పత్తి పండించేవారు. మిగిలింది గొర్రెలకీ పశువులకీ మేత. కోస్తా డెల్టాలో పచ్చటి మడులు చూసి వచ్చిన కంటికి అది అడవిలా కనబడి ఉండొచ్చు, అక్కడి వాళ్ళకి అది వాళ్ళ పొలమే.

మరి ఎందుకు అమ్మారు? ఇది పక్క ఊళ్ళో అడగాల్సిన ప్రశ్న. నాకు వాళ్ళు చెప్పిన దాన్ని బట్టి, వానకి పండే పెద్ద పెద్ద చేలని కాలువ నీటికి తగ్గట్టు చదును చేసి మడికట్లు కట్టాలంటే చాలా పెట్టుబడి కావాలి, అది చేతిలో లేదు. వరి పండించడం అలవాటు లేదు. నీళ్ళొచ్చాక పన్నులు పెరుగుతాయన్న భయం ఉంది. అదే టైంలో డెల్టాలో ఒక ఎకరం అమ్ముకుని ఇక్కడ ఎన్నో ఎకరాలు కొనగలిగిన మనిషి చేతిలో డబ్బుతో వచ్చి నిలబడ్డాడు. ఇష్టపడి అమ్మిన వాళ్ళున్నారు, కూతురి పెళ్ళికి అమ్మిన వాళ్ళున్నారు, అమ్మి తర్వాత అదే పొలంలో కూలికి వెళ్ళిన వాళ్ళున్నారు. ఆ మూడో రకం కుటుంబంలో ఒక ముసలాయన నాతో మాట్లాడుతూ ఆ పొలంలో ఒకప్పుడు తమ బావి ఎక్కడుండేదో చెయ్యెత్తి చూపించాడు, ఇప్పుడది పూడ్చేసిన మడి. ఆ బావి కూడా మీ ఊరి గుర్తుల్లో ఒకటే, మ్యాపులో పెట్టండి.

ఇంకో సంగతి. ఆ నీళ్ళు ఊరికే రాలేదు. తుంగభద్ర డ్యాం కింద దాదాపు 90 ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళ వాళ్ళు కూడా ఎక్కడెక్కడో కొత్తగా ఇళ్ళు కట్టుకున్నారు. సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల క్యాంపులు కూడా ఉన్నాయి, మీకు తెలిసే ఉంటుంది. ఒకే తాలూకాలో ఇన్ని రకాల వలసలు. మీ పుస్తకంలో వాళ్ళందరి గురించీ రాయనక్కర్లేదు, కానీ మీ పెద్దవాళ్ళని "వాళ్ళు మీకు ఎప్పుడు, ఎక్కడ కనబడ్డారు" అని ఒక ప్రశ్న అడగండి.

మీ వాళ్ళతో పాటు వచ్చిన కూలీ కుటుంబాలు కూడా. పొలం కొన్న రైతుల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. వాళ్ళ వెంట పాలేళ్ళుగా వచ్చిన వాళ్ళు, నాట్లకి వచ్చి ఉండిపోయిన వాళ్ళు, చదును పనికి బళ్ళు తోలిన వాళ్ళు, వీళ్ళ ఇళ్ళు క్యాంపు చివర వేరేగా ఉంటాయి, చరిత్ర రాసేవాళ్ళు అక్కడిదాకా వెళ్ళరు. మీరు వెళ్ళండి. నేల చదును చేసిన చేతులు ఎక్కువగా వాళ్ళవి.

సంవత్సరాలు ఎలా పట్టుకోవాలి

"ఏ సంవత్సరం వచ్చారు?" అంటే పెద్దవాళ్ళు చెప్పరు, లేదా గుండ్రంగా యాభై అనో అరవై అనో అంటారు. అందరికీ గుర్తుండే సంఘటన పక్కన పెట్టి అడగాలి. 1953 ఆగస్టు గోదావరి వరదలకి ముందా, తర్వాతా? ఆంధ్ర రాష్ట్రం వచ్చాక (1953 అక్టోబరు 1) వచ్చారా? వచ్చినప్పుడు ఇది ఇంకా హైదరాబాద్ రాష్ట్రమేనా, మైసూరులో కలిసిపోయిందా (1956 నవంబరు 1)? టికెట్టు అణాల్లో కొన్నారా, నయాపైసల్లోనా? నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, కాబట్టి ఈ చిన్న ప్రశ్న చాలా పనిచేస్తుంది. చైనా యుద్ధం (1962), నెహ్రూ పోయిన రోజు (1964 మే 27), దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19) అప్పటికి ఎక్కడున్నారు, పెద్దమ్మాయి పుట్టిందా, నడుస్తోందా? ఇలా రెండు మూడు వైపుల నుంచి బిగిస్తే ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది.

దానికి కాలువని జోడించండి. డ్యాం నుంచి నీళ్ళు వదలడం 1953లో మొదలైంది. కానీ ఎడమ కాలువ 227 కిలోమీటర్ల పొడుగు, కిందిదాకా తవ్వకం పూర్తయి నీళ్ళు చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంటే గంగావతి దగ్గరి క్యాంపులూ సింధనూరు అవతలి క్యాంపులూ ఒకే వయసువి కావు. నీళ్ళు రాకముందే ఆశతో చౌకగా కొని కూర్చున్న వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ కథ మరీ బాగుంటుంది, ఎందుకంటే రెండు మూడేళ్ళు జొన్న వేసి గడిపారు. కాబట్టి "మీరు వచ్చేటప్పటికి కాలువలో నీళ్ళున్నాయా, తవ్వుతున్నారా, గుర్తు రాళ్ళు మాత్రమే పాతారా" అని అడగండి. ఈ ప్రశ్నకి ఎవరూ తడుముకోరు.

ప్రయాణం గురించి కూడా అడగండి. గుంటూరు నుంచి నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేటకి అప్పట్లో మీటర్ గేజ్ బండి. గంగావతికి మొన్నమొన్నటిదాకా రైలే లేదు. కాబట్టి రైలు దిగాక మిగతా దారి ఎలా వచ్చారన్నది ప్రతి కుటుంబానికీ ఒక కథ. నది ఎక్కడ దాటారు, బండి ఎవరిది, బాడుగ ఎంత.

కాగితాలు

పెద్దవాళ్ళ మాట విన్నాక కాగితాలకి వెళ్ళండి. అన్నిటికంటే ముందు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న క్రయ దస్తావేజు. దాంట్లో ధర కంటే నాకు ఇష్టమైన భాగం హద్దులు. తూర్పున ఫలానా వారి చేను, పడమర వాగు, ఉత్తరాన బండ్లబాట, దక్షిణాన ఫలానా చెట్టు. ఇప్పుడు కనబడని గుర్తులు ఎన్నో ఆ నాలుగు లైన్లలో ఉంటాయి.

ఒక క్యాంపులో రామాలయం పక్కన పెద్ద మర్రి ఉంది. మొదట వచ్చిన పెద్దమనిషి చేత్తో నాటిందని అక్కడ అందరూ చెబుతారు, గుడి గోడ మీద రాశారు కూడా. పక్క ఊరి గొర్రెల కాపరి ఒకాయన, మా తాత ఆ చెట్టు కిందే మంద ఆపేవాడు అన్నాడు. ఇద్దరూ నమ్మకంగా చెప్పారు. ఆ గుడి పక్క చేను పాత దస్తావేజు తీయిస్తే, క్యాంపు వాళ్ళు కొన్న రోజునే హద్దుల్లో "మర్రిమాను" అని ఉంది. చెట్టు అప్పటికే మానై ఉందన్నమాట. అయినా నేను రాసేటప్పుడు మూడూ రాశాను: క్యాంపు వాళ్ళు ఏమంటారు, కాపరి ఏమన్నాడు, దస్తావేజులో ఏముంది. ఆ పెద్దమనిషి చెట్టు నాటకపోయినా దాని చుట్టూ అరుగు కట్టించింది ఆయనేనని తర్వాత తెలిసింది, బహుశా ఆ జ్ఞాపకమే అలా మారి ఉంటుంది. గోడ మీద రాత తుడిపించమని నేను ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పొద్దు. మన పని రాసి పెట్టడం వరకే.

కాగితాలు చదివేటప్పుడు తెలిసి ఉండాల్సినవి కొన్ని. మీ ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం కాబట్టి పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదివి పెట్టే మనిషిని ముందే చూసుకోండి. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం కనబడితే 590 కలపండి, ఫసలీ 1363 అంటే 1953-54. నేల కొలత గుంటల్లో ఉంటుంది, ఎకరానికి 40. మీ తాతయ్య మాత్రం సెంట్లలోనే చెబుతాడు, ఎకరానికి 100. అంటే గుంటకి రెండున్నర సెంట్లు. మా నిజామాబాద్ వైపు పాత ధరలైతే ఇంకో చిక్కు, రూపాయి అంటే హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని అడగాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకి సమానం. మీ వైపు కూడా మరీ ముందు కొన్న వాళ్ళుంటే అడిగి చూడండి.

మ్యాపుల సంగతికొస్తే, గంగావతి, సింధనూరు రెండూ సర్వే ఆఫ్ ఇండియా 57ఏ వరసలో వస్తాయి. మైలుకి అంగుళం లెక్కన గీసిన పాత షీటు దొరికితే అదృష్టం, కాలువ రాకముందు బాటలు, బావులు, వాగులు అందులో ఉంటాయి. అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:250,000 మ్యాపులు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైట్లో ఉచితంగా ఉన్నాయి, అంత వివరం ఉండదు గానీ పని నడుస్తుంది. 1951, 1961 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊళ్ళ జాబితా చూడండి. అక్కడ మీ క్యాంపు పేరు కనబడకపోతే కంగారు పడొద్దు, చాలా క్యాంపులు విడి రెవెన్యూ గ్రామాలు కావు, పాత కన్నడ ఊరి సర్వే నంబర్లలోనే ఉంటాయి. మీ పహాణీలో (పొలం రెవెన్యూ రికార్డులో) ఏ గ్రామం పేరుందో చూసి ఆ పేరుతో వెతకండి. ఆ ఊరి జనాభా 1951కీ 1961కీ మధ్య ఒక్కసారిగా పెరిగి ఉంటే ఎందుకో మీకు తెలుసు కదా.

అడగకూడనివి, ఆగి అడగాల్సినవి

ఎకరాల లెక్కతో మొదలుపెట్టకండి. కర్ణాటకలో 1974 భూసంస్కరణలు వచ్చినప్పుడు, మా వైపు 1973 సీలింగ్ చట్టం వచ్చినప్పుడు చాలా ఇళ్ళల్లో పొలం పిల్లల పేర్ల మీదా చుట్టాల పేర్ల మీదా మారింది. యాభై ఏళ్ళు గడిచినా ఆ టెన్షన్ పోలేదు. "మొత్తం ఎంత కొన్నారు తాతయ్యా" అనగానే ఆయన మిమ్మల్ని కాకుండా మీ ఫోన్ని చూస్తాడు. తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఉపయోగం లేదు. అన్నదమ్ముల పంపకాలు కూడా అంతే. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

నీళ్ళ తగాదాలు కూడా సున్నితమే, కానీ వదలకూడదు. ఆ ఎడమ కాలువ ఎక్కువగా తక్కువ నీటితో పండే జొన్న, పత్తి లాంటి పంటల లెక్కతో వేసింది. పైన ఉన్న క్యాంపుల్లో వరి వేశారు, కింద మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకి నీళ్ళు అందక ఇప్పటికీ గొడవే. రాత్రిళ్ళు తూముల దగ్గర కాపలాలు, తలుపులు ఎత్తేయడాలు, లష్కర్లతో (కాలువ చూసుకునే సిబ్బందితో) మాటలు, ఇవన్నీ మీ తాతయ్య తరంలో అందరికీ తెలుసు. రెండో మూడో సారి వెళ్ళినప్పుడు అడగండి. పేర్లు వద్దు, ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అన్నంత వరకు చాలు.

మా వైపు అయితే 1948. రజాకార్ల రోజుల్లో చాలా కుటుంబాలు ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతూళ్ళకి పంపేశాయి, సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక మళ్ళీ వచ్చారు. ఆ తర్వాతి రోజుల్లో ముస్లిం కుటుంబాలకి జరిగింది కూడా ఉంది. అడిగితే గొంతు మారిపోతుంది. అలాంటప్పుడు రికార్డరు ఆపమంటారా అని నేనే అడుగుతాను. ఆపమంటే ఆపేస్తాను. కొందరు ఆపకుండానే, "నేను పోయాక రాసుకో" అన్నారు. అలా అన్నవాళ్ళ మాట విడిగా దాచి ఉంచాను, నా తర్వాత ఎవరు చూడాలో మా అమ్మాయికి చెప్పి పెట్టాను. ఏది బయటపెట్టొచ్చు, ఏది పెట్టకూడదో ఆ రోజే, వాళ్ళ గొంతులోనే రికార్డులో చెప్పించుకోండి. తర్వాత కొడుకులూ మనవలూ వచ్చి మా నాన్న అలా అనలేదంటే మీ దగ్గర జవాబుండాలి.

రికార్డింగు, దాచడం

దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాను కట్టేయండి, లేదా చప్పుడు లేని గదికి మారండి. ఉదయం టిఫినయ్యాక బాగా మాట్లాడతారు, మధ్యాహ్నం భోజనం తర్వాత వద్దు. గంటకి మించి కూర్చోబెట్టకండి. మొదట్లో మీ పేరు, వాళ్ళ పేరు, ఊరు, తేదీ మీరే చెప్పండి. మాట మధ్యలో మౌనం వస్తే ఇంకో ప్రశ్న వేసేయకండి, ఆగండి, చాలాసార్లు అసలు విషయం ఆ మౌనం తర్వాతే వస్తుంది. తప్పు చెప్పినా దిద్దకండి. చేత్తో చూపిస్తూ "ఇంత ఎత్తు", "అదిగో అటు" అంటే మీరు పైకి చెప్పండి, "అంటే నడుమెత్తా? కాలువకి తూర్పునా?" అని. లేకపోతే తర్వాత విన్నవాళ్ళకి ఏమీ తెలియదు.

పాత ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకోవద్దు, నాణ్యత పోతుంది. మీరే వెళ్ళి స్కాన్ చేయండి, వెనక వైపు కూడా, స్టూడియో ముద్ర, ఊరు, తేదీ అక్కడే ఉంటాయి. గుర్తుల దగ్గర నిలబడి ఫోన్లో లొకేషన్ పట్టుకుని రాసుకోండి, గట్లు వెడల్పు చేస్తున్నారు, పాత రాతి తూములు తీసి సిమెంటువి పెడుతున్నారు, వచ్చే ఏడాది మీకు ఆ రాయి కనబడకపోవచ్చు. ఆడియో మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్ళో. రాతలోకి ఎక్కించేటప్పుడు వాళ్ళ యాసని బడి పుస్తకం తెలుగులోకి మార్చకండి. కన్నడం కలిసిన ఆ కృష్ణా జిల్లా మాట ఇప్పుడు కృష్ణా జిల్లాలో కూడా వినబడదు.

"మొదట వచ్చింది మేమే" అని మూడు కుటుంబాలు చెబుతాయి, ఇది ప్రతి క్యాంపులోనూ ఉన్నదే. తేల్చడానికి పోకండి. ఒకరు ముందు వచ్చి చూసి వెళ్ళి ఉంటారు, ఒకరు ముందు డబ్బు కట్టి ఉంటారు, ఒకరు ముందు సంసారంతో దిగి ఉంటారు. మూడూ నిజమే కావచ్చు, మూడూ రాయండి.

రాసింది అచ్చు వేయించే ముందు ఒక కాపీ తీసి రామాలయంలో ఓ సాయంత్రం అందరి ముందూ చదివి వినిపించండి, పక్క ఊరి వాళ్ళని కూడా పిలిచి. అక్కడ వచ్చే దిద్దుబాట్లు రాసుకోవడానికి ఇద్దర్ని పెట్టుకోండి, ఒక్కరి వల్ల కాదు.

మీ క్యాంపు ఎన్నో నంబరు డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుంచి చీలే పిల్ల కాలువ) కిందదో, పహాణీలో ఏ గ్రామం పేరుందో ఇక్కడ రాయండి. నా దగ్గరున్న షీట్లలో ఆ చోట కాలువకి ముందు ఏముందో చూసి చెబుతాను. ఈలోపు మీ క్యాంపులో తొంభై దాటినవాళ్ళ దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు తూము ఫోటో తీసుకెళ్ళండి.